పర్మిట్ లేని ప్రయాణం

సంక్రాంతి సెలవులు సమీపించాయంటే మన టౌన్‌షిప్‌లో సాయంకాలపు సంభాషణల తీరు మారిపోతుంది. మేము ఉద్యోగంలో చేరిన 1992 ప్రాంతంలో మా విభాగం మొత్తానికి కార్లు రెండే ఉండేవి. ఆ రోజులలో సెలవుల ముచ్చట్లన్నీ రైలు రిజర్వేషన్ చుట్టూ తిరిగేవి. నేడు ప్రతి క్వార్టరు ముందూ ఒక కారు నిలిచి ఉన్నది. కనుక ముచ్చట్లు కూడా మారాయి. ‘మేము హైదరాబాదుకు పది గంటలలో వెళ్ళాము’ అని ఒకరంటే, ‘మేము తొమ్మిదిన్నరలోనే చేరుకున్నాము’ అని మరొకరు అంటారు. దారిలో ఏమి చూశారని అడిగినవారికి మాత్రం సమాధానం దొరకదు. (సొంత కారులో వెళితే ఎల్.టి.సి. వర్తిస్తుందా లేదా అన్న ప్రశ్నను పర్సనల్ విభాగం వారికే విడిచిపెడుతున్నాము.)

వృత్తిరీత్యా మెకానికల్ ఇంజనీరులము కావడం వలన కాబోలు, మాకు ఒక సంగతి చిరకాలంగా వింతగా తోస్తూ వచ్చింది. కర్మాగారంలో ఒక చిన్న మోటారు విప్పవలసి వచ్చినా వర్క్ పర్మిట్ లేనిదే ఎవరూ స్పానరు పట్టరు. కరెంటు తీయించి, స్విచ్చికి తాళం వేయించి, ట్యాగు కట్టించి, పనివారందరినీ ఒకచోట నిలబెట్టి నాలుగు జాగ్రత్తలు చెప్పిన తరువాతనే పని మొదలవుతుంది. ఎత్తుమీదికి ఎక్కేవాడు నడుముకు బెల్టు కట్టుకోకపోతే కిందినుండి కేక వేసి దించుతాము. అదే మనము సెలవు రోజున భార్యాపిల్లలను, వృద్ధులైన తల్లిదండ్రులను ఒక వాహనంలో కూర్చుండబెట్టుకొని వందల కిలోమీటర్లు బయలుదేరేటప్పుడు ఏ పర్మిటూ ఉండదు. తాళం త్రిప్పుతాము, దేవుడికి దండం పెట్టుకుంటాము, నడిచిపోతాము.

ఈ మాట పరులను ఉద్దేశించి వ్రాయడం లేదు. ఆ తప్పు చేసినవారిలో మేము కూడా ఉన్నాము.

2008వ సంవత్సరం వేసవిలో రాజమహేంద్రవరంలో మా బంధువుల ఇంట వివాహం. ముందు రోజు రాత్రి మాకు ‘సి’ షిఫ్టు. ఉదయం ఆరు గంటలకు డ్యూటీ దిగి, ఇంటికి వచ్చి, రెండు గంటలు కన్ను మూసి, స్నానం చేసి పదిన్నరకు బయలుదేరాము. దూరం రెండు వందల కిలోమీటర్లలోపే కదా అన్న ధీమా. దారిలో భోజనం కూడా సుష్టుగానే చేశాము. తుని దాటిన తరువాత, అప్పటి 5వ నంబరు (నేటి 16వ నంబరు) జాతీయ రహదారి మీద, మధ్యాహ్నం రెండు గంటల వేళ ఏమి జరిగిందో మాకు ఇప్పటికీ తెలియదు. తెలిసినది ఇంతమాత్రమే: ఎడమ చక్రాలు మట్టిలో దిగిన చప్పుడుకు కన్ను తెరిచాము. కారు ఒక కిలోమీటరు రాయిని రాసుకుంటూ పోయి ఆగినది. ఎడమ అద్దం ఊడిపోయింది, తలుపు సొట్టపడింది. వెనుక సీటులో పదకొండేళ్ళ అమ్మాయి, ఆరేళ్ళ అబ్బాయి నిద్రపోతూ ముందుకు జారి సీటు క్రింద పడ్డారు. దెబ్బలు తగలలేదు. వారికి బెల్టులు లేవు. కట్టుకొమ్మని మేము ఏనాడూ చెప్పలేదు.

గంటకు 80 కిలోమీటర్ల వేగంతో పోయే వాహనం మూడు సెకన్లలో సుమారు 67 మీటర్లు పోతుంది. మూడు సెకన్ల కునుకును కునుకు అని ఎవరూ లెక్కించరు. ఆ 67 మీటర్లలో ఎడమ వైపునకు బదులు కుడి వైపునకు పోయి ఉంటే ఈ వ్యాసం ఉండేది కాదు.

ఆ రోజు మమ్ములను అన్నిటికంటె కలచివేసినది ప్రమాదం కాదు. రోడ్డు ప్రక్కన చింతచెట్టు నీడలో కూర్చున్నప్పుడు మా శ్రీమతి అన్న మాట. ‘అరగంట నుంచి మీరు ఆవులిస్తూనే ఉన్నారు. ఆపమని చెబితే విసుక్కుంటారని ఊరుకున్నానండి’ అన్నారు. కర్మాగారంలో ఒక కాంట్రాక్టు కార్మికుడు ఏదైనా ప్రమాదం కనిపెట్టి ‘ఆగండి సార్’ అంటే పని ఆపుతాము. ఆ హక్కు అతనికి ఉన్నదని గోడల మీద బోర్డులు కట్టాము. మా కారులో ఆ హక్కు మా ఇల్లాలికి లేదన్నమాట!

ఆపే హక్కు

ఆ తరువాత మా ఇంట ఒక అలవాటు ఏర్పడింది. దూర ప్రయాణం తలపెట్టినప్పుడు ఒక తెల్ల కాగితం మీద అడ్డగీతలు గీసి మేము ఒక ‘పర్మిట్’ తయారుచేస్తాము. పిల్లలు పెట్టిన పేరు అది. మొదట వేళాకోళంగానే మొదలైనది, పిదప ఆచారమైనది. కాగితం మా శ్రీమతి చేతిలో ఉంటుంది. వాహనం నడిపేవారు ఆ కాగితాన్ని వ్రాయరాదు, మార్చరాదు. పని చేసేవాడే తన పనికి పర్మిట్ సంతకం చేసుకోరాదన్నది మనందరికీ తెలిసిన సూత్రమే.

అందులోని మొదటి గడి, నడిపేవారు క్రిందటి రాత్రి ఎన్ని గంటలు నిద్రించారన్నది. ఏడు గంటలకు తక్కువైతే బయలుదేరే వేళ వెనుకకు జరుగుతుంది. రాత్రి షిఫ్టు దిగిన రోజున ప్రయాణమే లేదు. షిఫ్టులలో పనిచేసే సోదరులు ఈ ఒక్క సంగతినైనా దయచేసి ఆలోచించవలెనని మా కోరిక. రాత్రంతా మేలుకొన్న శరీరానికి కాఫీ కొంతసేపు సహాయపడుతుందేమో గాని, అది నిద్రకు బదులు కాదు. కిటికీ అద్దం దించుకోవడం, పాటలు పెద్దగా పెట్టుకోవడం వంటి ఉపాయాలు నిద్ర వస్తున్నదని తెలిపే గుర్తులే తప్ప విరుగుడు కావు. తెల్లవారుజామున రెండు మొదలు ఆరు వరకు, మరల మధ్యాహ్న భోజనానంతరం ఒకటి రెండు గంటలు శరీరం సహజంగానే మందగిస్తుంది. ‘రాత్రిపూట రోడ్డు ఖాళీగా ఉంటుంది, పిల్లలు నిద్రపోతారు, హాయిగా పోవచ్చు’ అనేవారి మాటతో మేము ఏకీభవించము. నిద్రపోయేది పిల్లలు మాత్రమే అయితే బాగానే ఉండును.

రెండవ గడి దూరం కాదు, కాలం. రోజుకు నడిపేది ఆరు గంటలు, అంతకు మించి కాదు. రెండు గంటలకొకసారి పావుగంట ఆగడం. సూర్యాస్తమయానికి ముందుగా బస చేరడం. కిలోమీటర్ల లెక్కన పథకం వేసుకునేవారు సాయంత్రానికి తప్పక తొందర పడతారు. నాలుగు వరుసల రహదారి మీది వంద కిలోమీటర్లు వేరు, ఘాట్ రోడ్డు మీది వంద వేరు.

చివరి గడిలో ఏమీ వ్రాయము. అక్కడ కారులో కూర్చున్న అందరి సంతకాలు ఉంటాయి, ఆరేళ్ళ బాలుడి సంతకంతో సహా. ఎవరైనా ‘ఆపండి’ అంటే, అనువైన చోటు చూసి ఆపవలసినదే. కారణం అడగడం తరువాతి పని. మొదటి సంవత్సరం మా అబ్బాయి ఈ హక్కును చెరుకురసం బండి కనబడ్డ ప్రతిచోటా వినియోగించుకున్నాడు. భరించాము.

పదవ మీటరు

బెల్టు విషయం ఇక్కడే చెప్పడం ఉచితం. గంటకు 50 కిలోమీటర్ల వేగంతో పోతూ ఒక చెట్టును గుద్దుకోవడం, దాదాపు పది మీటర్ల ఎత్తు నుండి నేలమీద పడడంతో సమానం. మన మూడంతస్తుల క్వార్టర్ల డాబా ఎత్తు అంతే. ఆ డాబా అంచున పిల్లవాడిని నిలబెట్టి చేయి వదిలే తల్లి లేదు. కారులో మాత్రం అదే పిల్లవాడిని ముందు సీటులో ఒడిలో కూర్చుండబెట్టుకుంటారు. ఆ క్షణంలో పది కిలోల బిడ్డ బరువు చేతులకు అనేక రెట్లుగా తోస్తుంది. ఎంతటి మాతృప్రేమ అయినా ఆ బలాన్ని నిలువరించలేదు. పైగా పెద్దవారి శరీరం వెనుకనుండి బిడ్డనే నలిపివేస్తుంది.

వెనుక సీటు వారికి బెల్టు అక్కరలేదన్న అపోహ విద్యావంతులలో కూడా కలదు. వెనుక కూర్చున్నవారు కూడా బెల్టు ధరించవలెనని కేంద్ర మోటారు వాహనాల నిబంధనలలో 138వ నిబంధన చెబుతున్నది. 2019 సవరణ చట్టం ద్వారా చేర్చబడిన 194బి సెక్షన్ ప్రకారం బెల్టు లేకుంటే వెయ్యి రూపాయల జరిమానా. పదునాలుగేళ్ళ లోపు పిల్లలను బెల్టుతో గాని, పిల్లల సీటుతో గాని భద్రపరచకపోయినా అంతే జరిమానా. జరిమానా మాట అటుంచి, బెల్టు లేని వెనుక ప్రయాణికుడు ముందున్నవారి మీదికి దూసుకువచ్చి వారి ప్రాణానికి కూడా ముప్పు తెస్తాడు. డిక్కీ చాలక వెనుక అద్దం క్రింద పేర్చిన స్టీలు క్యారియరు, మంచినీళ్ళ సీసా కూడా ఆ సమయంలో అటువంటివే.

కొండ దిగే విద్య

వాహనాన్ని ముందుగా మెకానిక్కుకు చూపించడం అందరూ చేసే పనే కనుక అందులో విస్తరించము. టైర్ల గురించి మాత్రం రెండు మాటలు. ఎండాకాలంలో గాలి తగ్గించి నింపితే టైరు పగలదన్న నమ్మకం బాగా వ్యాపించి ఉన్నది. ఇది తలక్రిందుల నమ్మకం. గాలి తక్కువైన టైరు ప్రతి చుట్టులోనూ ఎక్కువగా వంగుతుంది. వంగిన కొలదీ లోపల వేడి పుడుతుంది. ఆ వేడే టైరును పగులగొడుతుంది. డ్రైవరు తలుపు ప్రక్కన అంటించి ఉన్న చీటీలో ఖాళీ బండికి ఎంత, నిండు బండికి ఎంత గాలి ఉండవలెనో వ్రాసి ఉంటుంది. ఐదుగురు, సామాను ఉన్నప్పుడు నిండు బండి లెక్కనే అనుసరించవలెను. అదికూడా ఉదయం టైరు చల్లగా ఉన్నప్పుడే. టైరు ప్రక్కగోడ మీద నాలుగంకెలు కనబడతాయి. 2321 అని ఉంటే అది 2021వ సంవత్సరం 23వ వారంలో తయారైనదని అర్థం. స్టెప్నీ మీద కూడా ఆ అంకెలు చూడండి. కొన్న నాటి నుండి నేల తాకకుండా ముసలిదైపోయిన స్టెప్నీలు మన టౌన్‌షిప్‌లో ఎన్ని ఉన్నవో!

బ్రేకుల సంగతి విశాఖవాసులకు మరింత ముఖ్యం. మన పిల్లలు ‘ఎక్కడికైనా వెళదాం’ అంటే మనకు మొదట తోచేది అరకు. శృంగవరపుకోట దాటి, బొడ్డవర దగ్గర కొండ మొదలవుతుంది. అరకు సముద్రమట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తున ఉన్నది. ఐదుగురితో, సామానుతో కారు బరువు 1500 కిలోలనుకుందాము. అది 900 మీటర్లు దిగివచ్చేటప్పుడు వదిలించుకోవలసిన శక్తి కోటీ ముప్పై లక్షల జౌళ్ళు. ఇంటివారికి అర్థమయ్యేటట్లు చెప్పవలెనంటే, ఆ శక్తితో 45 లీటర్ల నీటిని మరగబెట్టవచ్చును. మన ఇళ్ళకు వచ్చే మంచినీటి క్యాన్లు రెండింటికి పైమాట. ఆ వేడినంతటినీ నాలుగు చక్రాల దగ్గర ఉన్న కొద్దిపాటి ఇనుముకు అప్పగించడమా, లేక తక్కువ గేరులో దిగుతూ అధిక భాగం ఇంజనుకు అప్పగించడమా అన్నది నడిపేవారి చేతిలో ఉన్నది.

ఏ గేరులో ఎక్కామో ఆ గేరులోనే దిగవలెనన్న పాత లారీ డ్రైవర్ల మాట నేటికీ మంచి మాటే. పెట్రోలు మిగులుతుందని న్యూట్రల్‌లో దొర్లించడం, అంతకు మించి ఇంజను ఆపివేయడం ఆత్మహత్యా సదృశం. ఇంజను ఆగితే బ్రేకుకు ఊతమిచ్చే వాక్యూమ్ పోతుంది, పెడల్ రాయి వలె గట్టిపడుతుంది, స్టీరింగ్ బరువెక్కుతుంది. ఆటోమేటిక్ గేరు కార్లలో కూడా తక్కువ గేరు ఎంచుకునే వీలు ఉన్నది. అది కొనే రోజునే కాక కొండ మీద కూడా గుర్తుండవలెను.

బ్రేక్ ఆయిల్‌కు గాలిలోని తేమను పీల్చుకునే గుణం ఉన్నది. డాట్ 3 రకం క్రొత్తగా ఉన్నప్పుడు 205 డిగ్రీల వరకు మరగకూడదని ప్రమాణం. తేమ పీల్చుకున్న తరువాత ఆ హద్దు 140 డిగ్రీలు మాత్రమే. మరిగితే గొట్టంలో ఆవిరి బుడగలు ఏర్పడతాయి. ద్రవం నొక్కుకుపోదు గాని ఆవిరి నొక్కుకుపోతుంది. పెడల్ నేలకు అంటుకుంటుంది, కారు ఆగదు. రెండేళ్ళకొకసారి ఈ ఆయిల్ మార్పించడానికి అయ్యే ఖర్చు ఒక పూట హోటలు భోజనం కంటె ఎక్కువ కాదు. అయినను మార్పించేవారు అరుదు. ఎందుకనగా అది కంటికి కనబడదు.

చిత్రకోట దారిలో

2023 డిసెంబరులో మేము ఐదు రోజుల ప్రయాణం ఒకటి చేశాము. మేము, మా శ్రీమతి, 81 ఏళ్ళ మా మాతృమూర్తి, ఉద్యోగం చేస్తున్న అమ్మాయి, చదువుకుంటున్న అబ్బాయి. విశాఖ నుండి అరకు, అక్కడి నుండి పాడువా, జయపురం మీదుగా జగదల్‌పూర్, చిత్రకోట జలపాతం. తిరుగు ప్రయాణం కోరాపుట్, సాలూరు, విజయనగరం మీదుగా. ఈసారి నడిపేవారు ఇద్దరు. అమ్మాయి కూడా చక్కగా నడుపుతుంది. మాకంటె నెమ్మదిగా నడుపుతుందని మా మాతృమూర్తి పదే పదే అనడం మాకు రుచించలేదు గాని అది నిజమే.

మొదటి రోజు అరకు వరకే. దూరం సుమారు 115 కిలోమీటర్లు. ఇంతేనా అని అబ్బాయి పెదవి విరిచాడు. కాని ఆ 115లోనే అనంతగిరి కాఫీ తోటలు, బొర్రా గుహలు, గాలికొండ ఉన్నాయి. దారి పొడవునా కొండ అంచున కొత్తవలస–కిరండూల్ రైలుమార్గం మనతో దాగుడుమూతలాడుతుంది. బైలడిల్లా ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకు చేర్చడానికి 1960వ దశకంలో ఈ కొండలను తొలిచి వేసిన మార్గమది. ప్రభుత్వ రంగ సంస్థలో పనిచేసేవారి పిల్లలు దాన్ని ఒకసారి నిలబడి చూడవలెను. బొర్రా దగ్గర సొరంగంలోంచి ఖనిజపు గూడ్సు బయటకు వస్తుంటే మా మాతృమూర్తి వ్యాగన్లు లెక్కపెట్టారు. యాభై దాటిన తరువాత లెక్క తప్పిందన్నారు. వేగంగా పోయేవారికి ఈ లెక్క తప్పే భాగ్యం కూడా ఉండదు.

ఘాట్ మలుపులలో వాంతుల బెడద చాలామందికి ఉంటుంది. మా అబ్బాయికి చిన్ననాటి నుండి ఉన్నది. ఫోను చూడకుండా దూరపు కొండను చూడడం, ముందు సీటులో కూర్చోవడం, బయలుదేరే ముందు పూరీలు మాని ఇడ్లీతో సరిపెట్టుకోవడం వలన చాలావరకు తగ్గినది. నడిపేవారు మలుపులో బ్రేకు కొట్టకుండా మలుపుకు ముందే వేగం తగ్గిస్తే వెనుకవారి కడుపు చల్లగా ఉంటుంది. ఇరుకు దారిలో ఎక్కివచ్చే వాహనానికి దిగేవారు దారి ఇవ్వవలెనన్న నియమాన్ని నేడు ఎందరు పాటిస్తున్నారో మాకు సందేహమే.

మన పత్రికలలో ఎవరూ వ్రాయని సంగతి ఒకటున్నది. ప్రయాణమంటే మన స్త్రీలు నీళ్ళు త్రాగడం మానేస్తారు. మరుగుదొడ్డి ఎక్కడ దొరుకుతుందో తెలియదు కనుక. మా మాతృమూర్తి మధుమేహానికి మందులు వాడుతున్నారు. 2023కు పూర్వం ఒక ప్రయాణంలో వారు రోజంతా రెండు గ్రుక్కలతో గడిపి సాయంత్రం కళ్ళు తిరిగి పడిపోయారు. డాక్టరు అడిగితే గాని అసలు కారణం బయటపడలేదు. అప్పటినుండి మా పర్మిట్‌లో పెట్రోల్ బంకులకు, కాస్త పెద్ద హోటళ్ళకు ప్రత్యేకంగా గుర్తులు పెడుతున్నాము. ఆగే చోట్లు ముందే తెలిసి ఉంటే వారు నీళ్ళు త్రాగుతారు. ఇన్సులిన్ వాడేవారు దాన్ని ఎండలో నిలిపిన కారులో విడిచిపోరాదు, మంచుగడ్డకు తాకించనూరాదు. చల్లని నీళ్ళ ఫ్లాస్కులో పొడి గుడ్డ చుట్టిన డబ్బాలో ఉంచితే సరిపోతున్నది.

పాడువా దాటిన తరువాత ఫోను సంకేతాలు చాలాసేపు లేవు. మ్యాపును ముందే ఫోనులోకి దించుకున్నాము. అయినా ఒకచోట దారి తప్పి ఊరివారిని అడిగాము. ఒక వృద్ధుడు తెలుగులోనే సమాధానం చెప్పాడు. 1936లో ఒరిస్సా రాష్ట్రం ఏర్పడే వరకు కోరాపుట్, జయపురం ప్రాంతం నాటి విశాఖపట్నం జిల్లాలోనిదే కదా. 108 అంబులెన్సు, 112 అత్యవసర సేవ మూడు రాష్ట్రాలలోనూ ఉన్నవి. జాతీయ రహదారుల మీద 1033 పనిచేస్తుంది. ఈ నంబర్లను ఫోనులో కాక కాగితం మీద వ్రాసుకోవలెను. ఫోను చచ్చినప్పుడే వాటితో పని పడుతుంది.

చిత్రకోట దగ్గర ఇంద్రావతి నది గుర్రపు నాడా ఆకారంలో దాదాపు వంద అడుగుల లోతుకు దూకుతుంది. వర్షాకాలంలో ఎర్రని బురదనీటితో గర్జిస్తుందట. డిసెంబరులో నీరు పలుచబడి తెల్లని పాయలుగా జారుతున్నది. అక్కడ రెండు పూటలు ఊరకే కూర్చున్నాము. మొదట వేసుకున్న పథకంలో ఆ రెండవ పూట తీరథ్‌గఢ్ జలపాతం ఉన్నది. మా మాతృమూర్తి ‘ఒరేయ్, ఇంకొక జలపాతం ఎందుకురా, దీన్నే ఇంకాసేపు చూద్దాం’ అన్నారు. పర్మిట్‌లో ఆ పంక్తి కొట్టివేయబడినది.

తిరుగు ప్రయాణం నాడు మా అలవాటుకు అసలు పరీక్ష వచ్చింది. జగదల్‌పూర్ నుండి విశాఖకు సుమారు 300 కిలోమీటర్లు. జయపురం–కోరాపుట్ మధ్య ఒక ఘాట్, సాలూరు పైన మరొకటి. ఉదయం ఏడింటికి బయలుదేరితే చీకటి పడకముందే ఇల్లు చేరవచ్చునని లెక్క. కాని జగదల్‌పూర్‌లో టైరు పంక్చరైనది, బాగుచేసే దుకాణం పదింటికి గాని తెరవలేదు. జయపురంలో భోజనం ఆలస్యమైనది. ఘాట్‌లో ఒక కుటుంబం కారు ఆపి, పొగలు వస్తున్న ముందు చక్రాల మీద సీసాతో నీళ్ళు పోయబోతుంటే ఆగి వారించాము. కాలిన ఇనుము మీద చన్నీళ్ళు పడితే డిస్కు వంకరపోవచ్చు. అరగంట ఊరక నిలిపి ఉంచితే అదే చల్లారుతుంది. ఇవన్నీ ముగిసి కోరాపుట్ చేరేటప్పటికి సాయంత్రం నాలుగున్నర. ఆ కాలంలో అక్కడ ఐదున్నరకల్లా ప్రొద్దు క్రుంకుతుంది.

మరునాడు ఉదయం మాకు ‘ఎ’ షిఫ్టు. ఒక ముఖ్యమైన పంపు ఓవర్‌హాలింగ్ ఉన్నది. మేమే సమక్షంలో ఉండవలెను. అమ్మాయిని ప్రక్కకు జరగమని స్టీరింగ్ ముందు కూర్చున్నాము. ‘ఇంకెంత, ఐదు గంటల ప్రయాణం, పదింటికి ఇంట్లో ఉంటాము’ అన్నాము.

మా శ్రీమతి కాగితం తీసి చూసి, మడిచి, ‘ఏమండీ, ఈ రాత్రికి ఇక్కడే ఉందాం’ అన్నారు.

మేము వాదించాము. అబద్ధం ఎందుకు, కొంచెం గట్టిగానే వాదించాము. పంపు అన్నాము, సెలవులు అయిపోయినవన్నాము, రోడ్డు బాగున్నదన్నాము, మాకు నిద్ర రావడం లేదన్నాము. ఈ చివరి మాట 2008లో కూడా అని ఉంటాము. వారు మాకు ఎదురు చెప్పలేదు, మాట మార్చుకోలేదు. వెనుక సీటులో ఎవరూ మాట్లాడలేదు. చివరికి తాళం తీసి అమ్మాయికి ఇచ్చాము. షిఫ్టు ఇన్‌ఛార్జికి ఫోను చేసి, మరొక సహోద్యోగికి పని అప్పగించమని కోరాము. ఆయన విసుక్కున్నారు. అది సహజమే. ఒక సెలవు అదనంగా ఖర్చయినది.

ఆ సాయంత్రం కోరాపుట్‌లో శబర శ్రీక్షేత్రమనే జగన్నాథ ఆలయానికి వెళ్ళాము. మెట్లు ఎక్కడానికి మా మాతృమూర్తికి చాలాసేపు పట్టినది. పైన చలిగాలిలో కూర్చుని వారు ప్రసాదం తిన్నారు. మేము పంపు గురించి ఆలోచిస్తూనే ఉన్నాము.

మరునాడు ఎనిమిది గంటలకు, పొట్టంగి ప్రాంతంలో పొగమంచు విడిచిన తరువాత బయలుదేరాము. సుంకి దాటి సాలూరు వైపు దిగే ఘాట్‌ను అమ్మాయి రెండవ గేరులోనే దించింది. మలుపు మలుపునా ఖనిజం లారీలు బుసలు కొడుతూ ఎక్కివస్తున్నవి. వాటికి ఆగి దారి ఇస్తూ వచ్చాము. ఒకచోట ఆగి బ్రేకు డ్రమ్ము దగ్గర చేయి పెట్టి చూశాము. గోరువెచ్చగా ఉన్నది. విజయనగరంలో భోజనం చేసి మూడు గంటలకు క్వార్టరు చేరాము.

పంపు పని మేము లేకుండానే సక్రమంగా పూర్తయినది. ఆ పర్మిట్ కాగితం నేటికీ మా ఫ్రిజ్ తలుపు మీద అంటించి ఉన్నది. ‘ఆలస్యానికి కారణం’ అన్న గడిలో మా శ్రీమతి వ్రాసినది ఒకే మాట: ‘ప్రొద్దుపోయింది’.